రాజుల జాబితాలో రాణులను వెతికే పద్ధతి

సెల్జుక్కులు, ఇల్‌ఖానులు, తైమూరీలు అంటూ రాజవంశాల వారీగా పర్షియా (ఇప్పటి ఇరాన్), మధ్య ఆసియా పాఠం మొదలుపెట్టగానే మా కందుకూరు పిల్లలు రాజుల పేర్లు, సంవత్సరాలు వరసగా బట్టీ పడతారు. గ్రూప్స్‌కి తయారయ్యేవాళ్లు మరీనూ. ఆ వరసలో ఆడవాళ్ల పేర్లు ఎక్కడో ఒకటి వస్తే వచ్చినట్టు. నేను మా క్లాసులో చేయించేది చెబుతాను, మీరూ చేసి చూడండి.

ముందు ప్రతి రాజు పేరు పక్కన గద్దెనెక్కిన నాటి వయసు రాయండి. చిన్నపిల్లాడు కనిపించిన చోట ఆగండి. ఆ వయసులో వాడు ఏలలేడు కదా, మరి ఏలిందెవరు? 1092 నవంబరులో సెల్జుక్ సుల్తాన్ మాలిక్ షా బాగ్దాద్‌లో చనిపోయాడు. భార్య తెర్కెన్ ఖాతూన్ ఆ కబురు బయటికి పొక్కనివ్వలేదు. సేనానులకు గుట్టుగా డబ్బు పంచింది. ఖలీఫాను ఒప్పించి, నాలుగైదేళ్ల కొడుకు మహమూద్ పేరున ఖుత్బా, అంటే శుక్రవారం మసీదులో పాలకుడి పేరు చెప్పి చేసే ప్రసంగం, చదివించింది. సవతి కొడుకు బర్క్యారుక్ కన్నా ముందే రాజధాని ఇస్ఫహాన్ కోట చేజిక్కించుకోవాలని మనుషుల్ని పరుగులు పెట్టించింది. పట్టికలో ఇదంతా మహమూద్ పేరు, రెండు సంవత్సరాలు, అంతే. ఆ పేరు కింద ఆవిడ పేరు రాయండి. మంగోలుల దగ్గర ఇద్దరు రాజుల మధ్య ఖాళీ కనిపించిన చోట కూడా ఇదే చేయండి: చెంఘిజ్ ఖాన్ కొడుకు ఒగెదెయ్ పోయాక 1241 నుంచి 1246 దాకా సామ్రాజ్యాన్ని నడిపింది అతని భార్య తొరెగెనె.

తర్వాత పుట్టిల్లు చూడండి. మన దగ్గర సంబంధం అనగానే పిల్ల ఎవరి తాలూకు అని ఆరా తీస్తాం కదా, అక్కడా అంతే. తెర్కెన్ ఖాతూన్ మధ్య ఆసియాను ఏలిన కారాఖానీ రాజుల ఆడపడుచు. తైమూర్ చెంఘిజ్ ఖాన్ వంశంలో పుట్టినవాడు కాదు. ఆ వంశపు పిల్ల సరాయ్ ముల్క్ ఖానుమ్‌ను చేసుకున్నాక, ఆ ఇంటి అల్లుడినని బిరుదులోనే చెప్పుకున్నాడు.

మూడోది నాణెం, ఖుత్బా. ఎవరి పేరున నాణెం పడిందో, శుక్రవారం మసీదులో ఎవరి పేరు చదివారో వాళ్లే పాలకులు. దక్షిణ ఇరాన్‌లోని ఫార్స్‌లో సల్ఘురీ వంశపు అబిష్ ఖాతూన్‌కు 1263లో ఈ రెండూ దక్కాయి. పక్కనే కిర్మాన్‌లో కుత్లుగ్ తెర్కెన్ 1257 నుంచి దాదాపు పాతికేళ్లు ఏలింది. ఇక్కడ నోట్సులో మన ప్రాంతానికి ఒక గడి గీయండి. 1262 ప్రాంతంలో ఓరుగల్లులో రుద్రమదేవి పాలన మొదలైంది. ఆ దశాబ్దంలో ఫార్స్, కిర్మాన్, ఓరుగల్లు, మూడు చోట్లా ఆడవాళ్లే ఏలికలు! మోటుపల్లి రేవు ఉన్న రాజ్యాన్ని ఒక రాణి న్యాయంగా ఏలిందని మార్కో పోలో రాశాడు. ఆవిడ రుద్రమే అని చాలామంది చరిత్రకారుల మాట. మోటుపల్లి మొన్నమొన్నటి దాకా మన ప్రకాశం జిల్లాలోదే. ఈ సంగతి చెప్పినప్పుడు వెనక బెంచీ పిల్లలు కూడా తలెత్తుతారు. ఈ పాఠంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇది.

కట్టడాల సంగతి త్వరగా తేలిపోతుంది. కట్టించింది ఎవరని అడగండి చాలు. మష్‌హద్‌లో 1418 నాటి పెద్ద మసీదు తైమూర్ కొడుకు షారుఖ్ భార్య గౌహర్ షాద్ కట్టించింది, ఆమె పేరుతోనే ఉంది. భర్త పోయాక వారసత్వపు గొడవల్లో ఆవిడ మాట ఎంత చెల్లిందంటే, 1457లో తైమూరీ రాజు అబూ సయీద్ ఆ ముసలావిడను చంపించాడు.

చివరగా, రాసినవాడెవడో కనుక్కోండి. ఆడవాళ్ల మాట వింటే రాజ్యం చెడుతుందని మాలిక్ షా వజీరు నిజాముల్ ముల్క్ రాజ్యపాలన మీద రాసిన తన సియాసత్‌నామాలో హెచ్చరించాడు. అతను బర్క్యారుక్ పక్షం, అంటే తెర్కెన్ ఖాతూన్‌కు ఎదుటి పక్షం. ఈ ముక్క తెలియకుండా ఆ మాటలు చదివితే రాజనీతి అనుకుంటాం.

అలాగని రాణులను దేవతలను చేసి రాయొద్దు. కుత్లుగ్ తెర్కెన్ కూతురు పాద్షా ఖాతూన్ మంచి కవయిత్రి. కిర్మాన్ గద్దె కోసం సవతి సోదరుణ్ణి 1294లో చంపించింది. మరుసటి ఏడాదే ఆమెనూ చంపేశారు. రాసేటప్పుడు మూడూ రాయండి.