ఇంప్లాంట్ లోహం చదువుదాం – 3వ పాఠం: మౌత్‌వాష్ సీసా మీది లెక్క

టైటానియం మీద దానంతట అదే కట్టుకునే ఆక్సైడ్ పొర సంగతి కిందటి పాఠంలో చూశాం. మందం కొద్ది నానోమీటర్లే అయినా, గీత పడితే క్షణంలో మళ్లీ కట్టుకుంటుంది. ఈసారి ఆ పొరను కరిగించే సత్తా ఫలానా మౌత్‌వాష్‌కి ఉందో లేదో ఇంట్లోనే లెక్కకట్టడం నేర్చుకుందాం.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండే మా పెద్దమ్మకి కింది దవడలో ఇంప్లాంట్, అంటే పోయిన పన్ను స్థానంలో ఎముకలో బిగించిన టైటానియం స్క్రూ, ఉంది. "బిడ్డా, ఫ్లోరైడ్ మందుతోని పుక్కిలిస్తే నా స్క్రూ తుప్పు వడ్తదట గదా!" అంటూ సీసా పక్కన పెట్టేసింది. పుట్టిల్లు నల్గొండ, ఫ్లోరైడ్ మాట వింటేనే ఆమెకి దడ. ఆ భయాన్ని నేను కొట్టిపారేయను. దానికి అంకెలు జోడిస్తే చాలు.

సీసా వెనక చిన్న అక్షరాల్లో 'సోడియం ఫ్లోరైడ్ 0.05 శాతం' అని ఉంది. అంటే లీటరుకు 500 మిల్లీగ్రాములు. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఆ 500 సోడియం ఫ్లోరైడ్ అనే లవణం మొత్తం బరువు. అందులో ఫ్లోరైడ్ వాటా, పరమాణు భారాల ప్రకారం, 42కి 19 పాళ్లే. 500ని 19తో గుణించి 42తో భాగిస్తే సుమారు 226 పీపీఎం (పీపీఎం అంటే ఇక్కడ లీటరుకు ఒక మిల్లీగ్రాము).

అయితే పొరను తినేది మామూలు ఫ్లోరైడ్ కాదు, ఆమ్లంలో అది మారే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం. పీహెచ్ (ఆమ్లగుణం కొలత; అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 7 దగ్గర ఫ్లోరైడ్‌లో 0.015 శాతమే అలా మారుతుంది. 6 దగ్గర 0.15, 5 దగ్గర 1.5, 4 దగ్గర ఏకంగా 13 శాతం. ఈ నాలుగు అంకెలూ నోటికి రావాలి. ఈ ఆమ్లం సుమారు 30 పీపీఎం దాటితే టైటానియం పొర నిలవదని 1999లో జపాన్ పరిశోధకులు తేల్చారు.

ఇక పీహెచ్ కాగితం. రసాయనాలమ్మే కొట్లలో చిన్న పుస్తకంలా దొరుకుతుంది. పెద్దమ్మ సీసాలో ద్రవం నీలం. చుక్క వేయగానే కాగితం ఆకుపచ్చకు తిరిగింది. అది కాగితం రంగా, మందు రంగా? పక్కనే తెల్లకాగితం మీద ఇంకో చుక్క వేసి, ఆ నీలాన్ని మనసులో తీసేసి చూడండి. నీళ్లు కలిపి పలచన చేయొద్దు, లెక్క మారిపోతుంది. మాకు 6 దగ్గర తేలింది. 226లో 0.15 శాతం అంటే 0.34 పీపీఎం. 30 ఎక్కడ, ఇదెక్కడ! అదే మందు పీహెచ్ 4 ఉంటే సరిగ్గా గీత మీద నిలబడేది.

ఊళ్లో బోరునీళ్ల సంగతీ అడిగింది. 5 పీపీఎం ఫ్లోరైడ్ ఉన్న నీళ్లైనా, పీహెచ్ 7 దగ్గర ఈ లెక్కలో ఆమ్లం ఒక పీపీఎంలో వెయ్యో వంతు కూడా రాదు. ఎముకలకు చేసే హాని వేరు, దాన్ని దీనితో కలపకండి.

ఒక్క జాగ్రత్త. చిగుళ్ల కింద, స్క్రూకీ పంటితొడుగుకీ మధ్య సందులో పాచి చేరితే అక్కడ పీహెచ్ పడిపోతుంది, లాలాజలం వచ్చి కడగలేదు. అందుకే బ్రష్ మానేసి మౌత్‌వాష్ మీదే ఆధారపడటం నాకు ససేమిరా నచ్చదు. క్లోర్‌హెక్సిడిన్ (నోటిలో క్రిములను చంపే మందు) ఉన్న మౌత్‌వాష్‌లలో ఫ్లోరైడ్ లేకపోతే ఈ లెక్క వాటికి పనికిరాదు; వాటిది వచ్చే పాఠం.

అభ్యాసం: సోడియం ఫ్లోరైడ్ 0.2 శాతం, పీహెచ్ 5. ఆమ్లం ఎన్ని పీపీఎం? ముందు కాగితం మీద చేసి, తర్వాతే ఫోన్ తీయండి.