నేల పెంకుపురుగుల జాతిని, ఉపజాతిని నిర్ణయించడం: చెనక్కాయ చేను నుంచి ఆసియా పటం దాకా

అనంతపురం ప్రాంతంలో తొలకరి పడిన రాత్రి ఊరి బయట పెట్రోలు బంకు దీపాల కింద కాసేపు నిలబడితే, నేలమీద పరుగెత్తే నల్లటి పెంకుపురుగులు ఒకటి రెండు రకాలు కావు, చాలానే కనిపిస్తాయి. వాటిలో కారబిడే కుటుంబానికి చెందిన నేల పెంకుపురుగులు ఏవో ఏరి, ప్రజాతి దాకా, జాతి దాకా, ఆధారం ఉన్నచోట ఉపజాతి దాకా వాటిని ఎలా గుర్తించాలో ఈ వ్యాసంలో వివరిస్తాను. ఈ కుటుంబంలో ఇప్పటికి సుమారు 40,000 జాతులు వర్ణితమయ్యాయి, వాటిలో ఆసియా వాటా చాలా పెద్దది. కాబట్టి ఒక పుస్తకంతో ఈ పని పూర్తికాదు. పైనుంచి తీసిన ఒక ఫోటోతో అయితే చాలాసార్లు మొదలుకూడా కాదు.

ముందుగా కుటుంబాన్ని నిర్ధారించుకోవాలి. రాయలసీమ వంటి మెట్టప్రాంతంలో మనల్ని ఎక్కువగా తికమకపెట్టేవి టెనెబ్రియోనిడే కుటుంబపు నల్ల పురుగులు. రాయి ఎత్తితే చాలు, అవే కనిపిస్తాయి. వీటిని వేరుచేయడానికి కాలి చివరి భాగమైన టార్సస్ కణుపులను లెక్కపెట్టాలి. నేల పెంకుపురుగుకు ఆరు కాళ్ళలోనూ ఐదేసి కణుపులు ఉంటాయి. టెనెబ్రియోనిడే పురుగుకు వెనుక కాళ్ళలో మాత్రం నాలుగే ఉంటాయి. మీసాలు కూడా చూడాలి. నేల పెంకుపురుగు మీసంలో పదకొండు కణుపులు దారంలా సన్నగా సాగుతాయి. టెనెబ్రియోనిడేలో చాలావాటికి అవి పూసలు గుచ్చినట్టు ఉంటాయి, మీసం మొదలు తల అంచు కింద దాగి ఉంటుంది. తరువాత పురుగును వెల్లకిలా తిప్పి లెన్సుతో చూడాలి. వెనుక కాళ్ళ మొదటి భాగమైన కోక్సాలు ఉరంతో కదలకుండా అతుక్కుపోయి, ఉదరంలోని మొదటి ఫలకాన్ని మధ్యలో చీల్చినట్టు కనిపిస్తే అది నేల పెంకుపురుగులు చేరే అడెఫాగా ఉపక్రమానికి చెందినదని నిస్సందేహంగా చెప్పవచ్చు. నీటిలో ఈదే డైటిసిడే పురుగులు కూడా ఈ ఉపక్రమంలోనివే అయినా, ఈతకు అనువుగా చదునెక్కి రోమాలు నిండిన వాటి వెనుక కాళ్ళు చూస్తే పొరపాటు పడే అవకాశం లేదు. ఇసుకమీద మెరుస్తూ పరుగెత్తి ఎగిరే సిసిండెలా రకాలను కొందరు ఈ కుటుంబంలోనే ఉపకుటుంబంగా ఉంచుతారు, ఇటీవల చాలామంది వేరే కుటుంబంగా చూస్తున్నారు. ఏ పద్ధతి పాటించినా మీ జాబితా అంతటా ఒకటే పాటించండి.

సేకరణకు పెద్ద పరికరాలేమీ అక్కరలేదు. టీ అంగడిలో దొరికే ప్లాస్టిక్ గ్లాసును నేలలో పాతి, దాని అంచు నేలమట్టానికి వెంట్రుకవాసి కూడా పైకి రాకుండా మట్టి సర్దితే చాలు. అంచు పైకి లేస్తే పురుగు చుట్టూ తిరిగి వెళ్ళిపోతుంది. మన ఎండకు గ్లాసులోని నీళ్ళు ఒకటి రెండు రోజుల్లోనే ఆవిరైపోతాయి కనుక ఉప్పు కరిగినంత మేరకు కలిపి, ఒక చుక్క సబ్బునీరు వేయడం మేలు. కొన్ని పుస్తకాలు ఇథిలీన్ గ్లైకాల్ వాడమంటాయి. అది తియ్యగా ఉండే విషం, మేకలూ కుక్కలూ తిరిగే చేలగట్ల మీద దాన్ని వాడకూడదు. పైన రాళ్ళ మీద ఒక పెంకు నిలిపితే వాన నీరు నిండదు. పట్టిన పురుగును ఆరబెట్టి, కుడి పెంకురెక్క ముందుభాగంలో సూది గుచ్చాలి. మరీ చిన్నవాటిని అట్టముక్క కొనకు జిగురుతో అంటించాలి.

ఇక చీటీ. నా అభిప్రాయంలో వర్గీకరణలో సగం పని చీటీదే, ఉపజాతి విషయానికి వస్తే సగం కంటే ఎక్కువే. నా దగ్గర ‘కర్నూలు జిల్లా’ అని మాత్రమే రాసిన పాత పెట్టె ఒకటి ఉంది, ఆ రాత నాదే. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయి నంద్యాల వేరయ్యాక, ఆ పురుగులు నల్లమల అడవి అంచువో, తుంగభద్ర గట్టువో, కె.సి. కాలువ కింది వరి మడివో చెప్పడానికి నాకే ఆధారం లేకుండాపోయింది. అందుచేత చీటీలో గ్రామం, మండలం, అక్షాంశ రేఖాంశాలు, సముద్రమట్టానికి ఎత్తు, తేదీ, నేల ఎర్రదా నల్లరేగడా, పైరు ఏది, గ్లాసులో పడిందా దీపానికి వచ్చిందా అన్నవన్నీ రాయాలి. ఆసియా సేకరణల్లో ఈ చిక్కు ఇంకా పెద్దది. పాత చీటీల మీది టోంకిన్ అంటే నేటి ఉత్తర వియత్నాం, ఫార్మోసా అంటే తైవాన్. మంచూరియా అని ఉంటే నేటి ఈశాన్య చైనాలో ఏ కొండదో చెప్పలేము. పాత ఇంగ్లీషు స్పెల్లింగులో రాసిన కడపను పైదేశంలోని మ్యూజియం ఉద్యోగి పటంలో వెతికి పట్టుకోలేకపోతే ఆ తప్పు అతనిది కాదు.

కుటుంబం తేలాక తెగను, ప్రజాతిని పట్టుకోవడానికి మన చేలల్లోనే మంచి అభ్యాసం దొరుకుతుంది. నల్లటి ఒంటిమీద ఆరు తెల్లటి చుక్కలతో, నాలుగు సెంటీమీటర్లకు అటూఇటూగా ఉండే ఆంథియా సెక్స్‌గుట్టేటా తుప్పలున్న మెట్టభూముల్లో తిరుగుతుంది. చుక్కల్లో రెండు మెడ పలకమీద, నాలుగు పెంకురెక్కల మీద ఉంటాయి. దాన్ని మొహానికి దగ్గరగా పెట్టుకుని చూడకండి, అది ఫార్మిక్ ఆమ్లాన్ని చిమ్ముతుంది. పెంకురెక్కలు చివర కత్తిరించినట్టు ఉండి, పట్టుకుంటే పట్‌మని పేలి వేళ్ళకు గోధుమరంగు మరక అంటించేది ఫెరాప్సోఫస్. హైడ్రోక్వినోన్లు, హైడ్రోజన్ పెరాక్సైడు కలిసి దాదాపు 100 డిగ్రీల సెల్సియస్ వేడితో బయటికి రావడమే ఆ పేలుడు. మిగిలిన నేల పెంకుపురుగులకు సాధారణంగా ఉదరంలో ఆరు ఫలకాలే కనిపిస్తే, ఈ తెగలో ఆడవాటికి ఏడు, మగవాటికి ఎనిమిది కనిపిస్తాయి. చెరువు తడి అంచున దొరికి, మెత్తటి నూగుతో, ఫినాయిలును తలపించే వాసనతో ఉండేవి క్లీనియస్ రకాలు. మెడ పలకకూ రెక్కలకూ మధ్య నడుము సన్నగిల్లి, ముందు కాళ్ళు మట్టి తవ్వే పళ్ళతో, పెద్ద దవడలతో ఉండేది స్కారైటిస్. గొంగళిపురుగులను వేటాడే కాలోసోమా వెడల్పైన రెక్కలతో, సాధారణంగా దవడల మీద అడ్డు ముడతలతో ఉంటుంది. చెనక్కాయ రైతుకు ఎర్ర గొంగళి పురుగు ఎంత తలనొప్పో తెలిసినవారికి ఈ ప్రజాతిని గుర్తుపట్టడం ఎందుకో వేరే చెప్పనక్కరలేదు.

ఇలా చూడగానే తెలిసేవి తక్కువే. మిగిలినవాటికి రోమాలను లెక్కపెట్టాలి. నేల పెంకుపురుగుల ఒంటిమీద స్పర్శరోమాలు ఎక్కడ, ఎన్ని ఉన్నాయన్నది రంగుకన్నా నమ్మదగిన లక్షణం. కంటి పైన ఒక్క రోమమే ఉంటే హార్పాలినీ తెగను, రెండు ఉంటే టెరాస్టికినీ వంటి తెగలను ముందుగా పరిశీలించాలి. నోటి పక్క ఉండే చిన్న స్పర్శాంగాలైన పాల్పుల చివరి కణుపు సూదిమొనలా చిన్నబోయి ఉంటే బెంబిడీనీ తెగను చూడాలి. ఇవి చాలావరకు రెండు మూడు మిల్లీమీటర్ల పురుగులు కనుక చేతి లెన్సు చాలదు, మైక్రోస్కోపు కావాలి. రోమం రాలిపోయినా దాని కుదురు గుంట మిగులుతుంది కాబట్టి గుంటనే లెక్కపెట్టండి. తరువాత పెంకురెక్కల గీతలు, ఆ గీతల మధ్య గట్లలో మూడోదాని మీది గుంటలు, మెడ పలక వెనుక మూలల ఆకారం, రెక్కల భుజాల గుండ్రదనం వరుసగా చూడాలి. భారతదేశపు జాతులకు హెచ్.ఇ. ఆండ్రూస్ 1929లోనూ 1935లోనూ ఫానా ఆఫ్ బ్రిటిష్ ఇండియా శ్రేణిలో రాసిన రెండు సంపుటాలు ఇప్పటికీ మొదట తెరవవలసినవే; అయితే వాటిలోని పేర్లు చాలా మారాయి కనుక కొత్త కేటలాగులతో సరిచూసుకోవాలి.

జాతి దగ్గర ఆఖరి మాట మగ పురుగు జననాంగానిది. ముందుగా ముందు టార్సస్‌లు వెడల్పుగా, అడుగున జిగురు రోమాలతో ఉన్న పురుగును ఎంచుకోవాలి, అది మగది. ఎండిన నమూనాను వేడినీటిలో నాననిచ్చి, కొన వంచిన సన్న సూదితో ఉదరం చివరినుంచి అంగాన్ని బయటికి లాగాలి. దాన్ని పది శాతం కాస్టిక్ పొటాష్ ద్రావణంలో కండ కరిగేదాకా ఉంచి, కడిగి, పక్కనుంచీ పైనుంచీ రెండు వైపులా బొమ్మ గీసుకోవాలి. దాన్ని పారేయకుండా అదే సూదికి చిన్న అట్టమీద అంటించాలి. ఎంత ఓపికగా చేసినా మొదటి పదింటిలో కొన్ని విరుగుతాయి, అందుకే చేయి తిరిగేదాకా ఒకటే ఉన్న నమూనాను ముట్టుకోకూడదు.

ఉపజాతి ప్రశ్న వేరు. ఉపజాతి అన్నది ఒక పురుగు లక్షణం కాదు, ఒక చోట నివసించే సమూహపు లక్షణం. ఒకే చేలో నల్లటివి, కొంచెం ఆకుపచ్చ మెరుపువి కలిసి దొరికితే అవి రెండు ఉపజాతులు కావు, ఒకే సమూహంలోని తేడా మాత్రమే. ఒక కొండ మీదివన్నీ ఒక తీరున, అవతలి లోయవన్నీ ఇంకో తీరున ఉండి, అవి కలిసే చోట మధ్యరకం రూపాలు కనిపిస్తే అప్పుడు ఆ మాట ఎత్తాలి. ఒక సమూహంలో కనీసం 75 శాతం రెండో సమూహం నుంచి విడిగా గుర్తుపట్టగలగాలన్నది పాత లెక్క. అది నియమం కాకపోయినా మనల్ని తొందరపాటునుంచి ఆపుతుంది.

మన మైదానాల్లో దీపాలకు వచ్చే నేల పెంకుపురుగులు ఎగరగలవు, అందువల్ల ఒక జాతి వందల కిలోమీటర్ల మేర పరచుకుని పెద్ద తేడా లేకుండా కనిపించవచ్చు. కారబస్ ప్రజాతి దీనికి పూర్తిగా భిన్నం. అది దక్షిణ భారతదేశంలో లేదు. హిమాలయాల్లో, కశ్మీరులో కొన్ని ఉంటే, అక్కడినుంచి ఉత్తరానికీ తూర్పుకీ, ముఖ్యంగా చైనా కొండల్లో అది విస్తారంగా ఉంది. వీటిలో చాలావాటికి వెనుక రెక్కలు క్షీణించి ఎగరలేవు, నడిచే దూరమే వాటి లోకం. ఒక నదో శిఖరమో అడ్డొస్తే రెండు సమూహాలు విడిపోయి, కాలక్రమంలో వేర్వేరు రూపాలు దాలుస్తాయి. అందుకే ఈ ప్రజాతిలో తొమ్మిది వందలకు పైగా జాతులూ, వాటిని మించిన సంఖ్యలో ఉపజాతుల పేర్లూ పోగయ్యాయి. అందమైన పురుగులకు అమ్మకపు ధర ఉండడం వల్ల కొండకో పేరు పెట్టే అలవాటు కూడా ఇందులో కలిసిందని నా అనుమానం.

జపాన్‌లో నత్తలను తినే కారబస్ బ్లాప్టోయిడెస్ దీనికి మంచి పాఠం. దీని తలా మెడా నత్తగుల్లలోకి దూరేటట్టు సన్నగా సాగి ఉంటాయి. సాడో ద్వీపంలోని కాపిటో ఉపజాతికి మాత్రం గుల్లను పగలగొట్టేటంత వెడల్పైన తల ఉంటుంది. హొక్కైడోలోని రుగిపెన్నిస్ లోహపు మెరుపుతో వేరుగా కనిపిస్తుంది. ఇక్కడ రూపం, చోటు రెండూ ఒకే మాట చెబుతున్నాయి. కాపిటో అన్న పేరు రాయడానికి తల వెడల్పు ఒక్కటే చాలదు, సాడో అన్న చీటీ కూడా ఉండాలి.

రూపం, జన్యువు ఒకే మాట చెప్పని చోట్లు కూడా ఉన్నాయి. జపాన్‌కే పరిమితమైన ఓహోమోప్టెరస్ ఉపప్రజాతిలో కారబస్ మైయాసానస్, కారబస్ ఇవావాకియానస్ అనే రెండు జాతులు కలిసే హద్దు ఉంది. మగవాటి అంగంలోని కొక్కెం పొడవు, ఆడవాటి అంగంలోని సంచి పొడవు ఒక్కో జాతిలో ఒక్కోలా ఉండడంతో, జాతి తప్పి జతకట్టినప్పుడు ఆడదానికి గాయమవుతుంది, కొక్కెం విరుగుతుంది. అయినా మైటోకాండ్రియా జన్యువులు ఈ ఉపప్రజాతిలో ఒక జాతినుంచి మరోజాతికి దాటాయి. జంతువుల గుర్తింపుకు వాడే 658 డి.ఎన్.ఎ. అక్షరాల సి.ఓ.1 బార్‌కోడ్ కూడా మైటోకాండ్రియాలోదే కనుక, ఇటువంటి గుంపుల్లో బార్‌కోడ్ ఒక్కదాన్నే నమ్మి జాతి చెబితే పొరుగు జాతి పేరు రావచ్చు. అంగం, రోమాలు, చోటు, జన్యువు, ఈ నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకటి ఎదురుతిరిగితే దాన్ని దాచకుండా రాయాలి.

పేరు రాయడంలోనూ ఒక పద్ధతి ఉంది. మన ఆంథియాను 1775లో ఫాబ్రిషియస్ అనే కీటక శాస్త్రవేత్త కారబస్ ప్రజాతిలో పెట్టి వర్ణించాడు, తరువాత అది ఆంథియాకు మారింది. అందుకే ఆయన పేరు, సంవత్సరం కుండలీకరణాల్లో రాస్తారు. ప్రజాతి మారకపోతే కుండలీకరణాలు ఉండవు. జాతికి ఉపజాతులు ఉన్నప్పుడు మొదట వర్ణించిన ఉపజాతి జాతిపేరునే మరోసారి మోస్తుంది: కారబస్ బ్లాప్టోయిడెస్ బ్లాప్టోయిడెస్. ‘వెరైటీ’ అని 1961కి ముందు ప్రచురించిన పేర్లు సాధారణంగా ఉపజాతి స్థాయివిగా చెల్లుతాయి, ఆ తరువాత వచ్చినవి చెల్లవు. పాత కేటలాగు చదువుతూ ఈ గీత మరిచిపోతే లేని ఉపజాతులు మీ జాబితాలో పుట్టుకొస్తాయి.

సేకరణకు వెళ్ళేముందు హద్దులు తెలుసుకోండి. లంకమల, నల్లమల, రోళ్ళపాడు వంటి రక్షిత ప్రాంతాల్లో అటవీశాఖ అనుమతి లేకుండా గ్లాసు పాతకూడదు. లంకమల తుప్పల్లోనే 1986లో కలివికోడి అనే అరుదైన పక్షి మళ్ళీ కనిపించింది, నేలమీది పురుగులు దానికి ఆహారం. నమూనాలను విదేశీ నిపుణులకు పంపాలంటే 2002 నాటి జీవవైవిధ్య చట్టం వర్తిస్తుంది. సొంత చేను, రైతు ఒప్పుకున్న గట్టు మొదలుపెట్టడానికి చాలు.

చివరిగా సూదికి గుచ్చే నిర్ణయపు చీటీలో ఎంతవరకు తేలిందో అంతవరకే పేరు రాసి, నిర్ణయించినవారి పేరు, సంవత్సరం చేర్చాలి. ‘క్లీనియస్, జాతి తేలలేదు’ అన్నది గౌరవప్రదమైన చీటీయే. రేపు మరొకరు వేరే పేరు తేల్చినా మీ చీటీ తీసివేయకూడదు, కొత్తది దాని కిందనే గుచ్చాలి.