వానకంటే ముందు గాలి: డాలస్ చుట్టుపక్కల ఉండేవాళ్లకు

మార్చి నుంచి జూన్ దాకా ఉత్తర టెక్సాస్‌లో ఉరుముల వాన చాలాసార్లు ఒక్క మబ్బుగా రాదు, వరసకట్టి వస్తుంది. గల్ఫ్ ఆఫ్ మెక్సికో మీంచి వచ్చిన ఉక్క గాలి కిందికి, ఉత్తరం నుంచి దిగే బరువైన చల్లగాలి చొచ్చుకుపోయి దాన్ని పైకెత్తుతుంది. ఆ చల్లగాలి అంచు వందల మైళ్లుంటుంది, మబ్బులూ దాని వెంటే లేస్తాయి. వానతో పాటు కిందికి పడిన చల్లగాలి మళ్లీ ముందుకు తోసుకొస్తుంది. మీ ఇంటికి ముందు చేరేది అదే, చినుకు ఆ తర్వాత. అటకలా కిందికి వేలాడే నల్లమబ్బు కనబడిందంటే వీడియోలు ఆపి లోపలికి రావాలి.

గాలి గంటకు 58 మైళ్లకు చేరితే, లేదా వడగళ్లు అంగుళం ఉంటే ‘సివియర్’ వార్నింగ్ ఇస్తారు. కానీ దానికి ఫోన్ దానంతటది మోగాలంటే గాలి 80 మైళ్లుండాలి, లేదా వడగళ్లు బేస్‌బాల్ అంత ఉండాలి. 2019 జూన్ 9న డాలస్‌లో క్రేన్ అపార్ట్‌మెంట్ మీద కూలి ఒకరు చనిపోయారు. ఆరోజు లవ్‌ఫీల్డ్ ఎయిర్‌పోర్టులో నమోదైన గాలి 71 మైళ్లే. ఇప్పటి లెక్కలో దానికి ఫోన్ మోగదు. అందుకే వార్నింగులు చెప్పే వాతావరణ యాప్ ఒకటి విడిగా పెట్టుకోండి. సైరన్ బయట ఉన్నవాళ్ల కోసం, ఇంట్లోకి వినబడుతుందనుకోవద్దు.

రాడార్‌లో మబ్బుల వరస విల్లులా ముందుకు వంగితే ఆ వంపు దగ్గరే గాలి ఎక్కువ. అక్కడ టోర్నడో నిమిషాల్లో చుట్టుకోవచ్చు, వార్నింగ్‌కి వ్యవధి తక్కువ. కింది అంతస్తులో కిటికీలు లేని క్లాజెట్ ముందే ఖాళీ చేసి ఉంచండి. అందరికీ బూట్లు, పిల్లలకు సైకిల్ హెల్మెట్లు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు ‘ఉరుములేగా’ అని కిటికీ దగ్గరే కూర్చుంటారు, ఆ క్లాజెట్ ముందురోజే చూపించండి.

ప్యాటియో కుర్చీలు, కరివేపాకు కుండీలు గరాజ్‌లోకి. ట్రాంపొలీన్‌ని నేలకు బిగించకపోతే పక్కింటి కంచె మీద తేలుతుంది. గరాజ్ తలుపు పూర్తిగా మూయండి. గాలి లోపలికి దూరితే కప్పును కిందనుంచి ఎత్తుతుంది. కరెంటు పోతే తలుపు తెరవడానికి పైన వేలాడే ఎర్రతాడు లాగాలి, గాలి తగ్గాకే.

ఫ్రిజ్ తెరవకపోతే 4 గంటలు ఆగుతుంది, నిండుగా ఉన్న ఫ్రీజర్ 48. జనరేటర్ ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో ఉండాలి. గరాజ్ తలుపు తెరిచిపెట్టినా లోపల నడపకూడదు.

గాలి పోయాక సన్నవాన గంటలకొద్దీ పడుతుంది, పిడుగులు అందులోనూ ఉంటాయి. చివరి ఉరుము విన్నాక 30 నిమిషాలు ఆగి బయటికి వెళ్లండి.