కొత్త బుల్లి టార్చిని జేబులో వేసుకునే ముందు

పోయిన వారం ఒక బుల్లి టార్చి కొన్నాను. పెన్సిల్ సెల్లు ఒక్కటి పట్టేంత సైజు, గుప్పిట మూస్తే కనబడదు. దాన్ని చూసి మా నాన్న నవ్వారు, ఆయన మూడు సెల్లుల స్టీలు టార్చి పట్టుకుని అర్ధరాత్రి చేలో మోటారు వెయ్యడానికి పోయిన మనిషి మరి. మీరూ ఇలాంటిది కొంటే, జేబులో వేసుకుని తిరగడానికి ముందు ఒక సాయంత్రం ఇంట్లోనే దాంతో కూర్చోండి. ఏం చూడాలో చెప్తాను.

పెట్టె తీసి బటన్ నొక్కితే వెలగలేదా? కంగారుపడి రిటర్న్ పెట్టకండి. వెనక మూత తిప్పి చూడండి, సెల్లుకీ మూతకీ మధ్య చిన్న ప్లాస్టిక్ బిళ్ల ఉంటుంది చాలా వాటిలో, రవాణాలో దానంతటది వెలక్కుండా పెడతారు. అది తీసెయ్యండి. మూత తెరిచారు కాబట్టి మర దగ్గరున్న రబ్బరు రింగు కూడా చూడండి, నలిగినా తెగినా నీళ్లు లోపలికి పోతాయి. పెట్టె మీద ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఆగుతుందని, ఐపీఎక్స్4 అంటే జల్లు తట్టుకుంటుందని మాత్రమే. కానీ ఆ మాటలన్నీ ఆ రింగు బాగున్నంత వరకే.

ఇక అందరూ మొదట చేసేది ఫుల్లులో పెట్టి ఎదురింటి గోడ మీద కొట్టడం. నేనూ అదే చేశాను, ఎదురింటావిడ కిటికీ వేసేసుకున్నారు. రెండు మూడు నిమిషాలకి చెయ్యి చురుక్కుమంది, వెలుగు కూడా మెల్లగా తగ్గిపోయింది. అది పాడవడం కాదు. ఇంత చిన్న ఒంట్లో పుట్టిన వేడి పోవడానికి చోటు ఉండదు కాబట్టి లోపలి సర్క్యూటే తగ్గిస్తుంది. అందుకే పెట్టె మీద పెద్ద అంకె చూసి మురిసిపోకండి. ఏఎన్‌ఎస్‌ఐ ఎఫ్‌ఎల్1 అనే కొలత పద్ధతిలో ఎంతసేపు వెలుగుతుందన్నది లెక్కగట్టేది ఎలాగంటే, వేసిన 30 సెకన్ల దగ్గర ఉన్న వెలుగు అందులో పదో వంతుకి పడిపోయేదాకా. అంటే 'రెండు గంటలు' అని రాసి ఉన్నా, అందులో ఫుల్లు వెలుగు రెండు నిమిషాలే ఉండొచ్చు, అబద్ధం మాత్రం కాదు. దూరం కూడా అంతే: 0.25 లక్స్, అంటే ఇంచుమించు పున్నమి వెన్నెలంత వెలుగు పడే చోటు వరకూ లెక్క. 100 మీటర్లని రాస్తే 50 మీటర్ల దగ్గర మనిషిని గుర్తుపట్టగలిగితే చాలనుకోండి.

నన్నడిగితే ఫుల్లు కన్నా తక్కువ వెలుగే ముఖ్యం. రాత్రి లైట్లన్నీ ఆర్పేసి, కళ్లు చీకటికి అలవాటు పడ్డాక, అన్నిటికన్నా చిన్న మోడ్ వెయ్యండి. పక్కన పడుకున్నవాళ్లు లేవకుండా మంచినీళ్ల బిందె దాకా వెళ్లి రాగలిగారా? ఇంకోటి, ఆఫ్‌లో ఉన్నప్పుడు ఆ చిన్న మోడ్‌కి ఎలా వెళ్లాలో వేళ్లకి తెలియాలి. కొన్నిట్లో నొక్కి పట్టుకోవాలి, కొన్నిట్లో ఒకటి రెండుసార్లు నొక్కాలి, కొన్ని పోయినసారి ఏ మోడ్‌లో ఆపితే అందులోనే వెలుగుతాయి. చూడకుండా పది సార్లు చెయ్యండి. లేకపోతే అర్ధరాత్రి నిద్రకళ్లకి ఫుల్లు కొట్టుకుంటారు, ఆ పైన అయిదు నిమిషాలు ఏమీ కనబడదు.

చిన్న మోడ్‌లోనే ఇంకో పరీక్ష. తిరుగుతున్న సీలింగ్ ఫ్యాన్ మీద వెలుగు కొట్టండి. రెక్కలు ముక్కలు ముక్కలుగానో, ఆగి ఆగి తిరుగుతున్నట్టో కనిపిస్తే ఆ టార్చి వెలుగు తగ్గించడానికి ఎల్‌ఈడీని గబగబా వేసి ఆర్పుతోందన్నమాట. కొందరికి పట్టదు, కొందరికి తలనొప్పి. తరవాత వంటింట్లోకి వెళ్లి టమాటా, పసుపు, కారం డబ్బా పక్కపక్కన పెట్టి చూడండి. ఎరుపు చచ్చిపోయి గోధుమరంగులో కనిపిస్తే, తెల్లగా కొడుతున్నా రంగులు సరిగా చూపించని ఎల్‌ఈడీ అది. ఊళ్లో వాడేవాళ్లకి ఇది షోకు కాదు, ఎండుటాకుల్లో రక్తపింజర పడుకుని ఉంటే ఆకుకీ దానికీ తేడా తెలియాలి కదా.

కరెంటు పోయినప్పటి సంగతీ చూసుకోండి. టార్చిని స్టీలు గ్లాసులో నిలబెట్టి వెలుగు సీలింగ్‌కి కొడితే గదంతా పరుచుకుంటుంది, అన్నం తినడానికి మధ్యరకం మోడ్ సరిపోతుంది. టార్చి ముందు అద్దం కిందికి ఉండేలా బోర్లించి మాత్రం వదిలెయ్యకండి, ఫుల్లులో ఉంటే కింద ఉన్న గుడ్డ కాలొచ్చు.

జేబు విషయానికొస్తే, నాది రెండోరోజే బస్సులో దానంతటదే వెలిగింది. ఫ్యాంటు జేబులోంచి వెలుగు, తొడ మీద వేడి, పక్క సీటాయన చూపు. అప్పటినుంచి వెనక మూతని పావు చుట్టు వదులు చేసి పెట్టుకుంటున్నాను, కరెంటు దారి తెగి బటన్ పనిచెయ్యదు. అన్నిట్లో ఈ కిటుకు పారదు, టార్చి ఒంటికి ఉన్న, కరెంటు పారని రంగు పూత మరలకి కూడా ఉంటేనే. వదులు చేసి నొక్కి చూసుకోండి.

మీది కేబుల్‌తో చార్జ్ చేసుకునే రకమై, చార్జింగ్ అవ్వకపోతే కేబుల్ మార్చండి. రెండు వైపులా టైప్-సీ ఉన్న కేబుల్‌తో కొన్ని చవక టార్చిలు చార్జ్ అవ్వవు, పోర్టులో ఉండాల్సిన రెసిస్టర్లు పెట్టకపోవడం వల్ల. పాత చార్జర్ల వెడల్పు యూఎస్‌బీ పిన్ను ఉన్న కేబుల్ పెడితే ఎక్కుతుంది.

చివరిగా సెల్లు. మామూలు పెన్సిల్ సెల్లు (ఏఏ సైజుది) 1.5 వోల్టులు. అదే సైజులో 14500 అని లిథియం సెల్లు వస్తుంది, పూర్తిగా చార్జ్ అయితే 4.2 వోల్టులు. రెండూ వేసుకోవచ్చని మీ టార్చి కాగితంలో రాసి ఉంటేనే అది వెయ్యండి. నీరసించిన సెల్లుల్ని ఎండలో పెట్టే పాత అలవాటు మా నాన్నకి ఇంకా ఉంది, లిథియం దానికి అది అసలు పనికిరాదు. విమానంలో అయితే విడి లిథియం సెల్లు చేతిసంచిలోనే ఉండాలి, చెకిన్ పెట్టెలో వెయ్యకూడదు. ఇంకా, ఆ సెల్లు మీద పెద్ద అక్షరాలతో ఒక స్టిక్కర్ అంటించండి. నేను అంటించలేదు. చార్జ్ చేసి బల్ల మీద పెట్టిన సెల్లుని మా అమ్మ 'కొత్తదేలే' అని హాల్లో గోడగడియారంలో వేసింది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఇంట్లో టైము పదకొండుంబావు. ఇప్పటికీ పదకొండుంబావే.