తుఫానులు మొదలయ్యేలోపు స్టోరేజ్ డ్రైవర్ల ఆటోమేషన్‌లో తీసుకోవలసిన జాగ్రత్తలు

గోదావరి డెల్టాలో అక్టోబరు, నవంబరు నెలలంటే తుఫానుల కాలం. 1996 నవంబరు 6 నాటి తుఫానును చూసిన కోనసీమ వాసులకు, కరెంటూ ఫోన్లూ ఒక్కసారిగా పోతే ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు. భీమవరంలోనో అమలాపురంలోనో రొయ్యల ప్లాంట్లకు, రైస్ మిల్లులకు సొంత సర్వర్ల మీద కుబెర్నెటీస్ క్లస్టర్లు (ప్రోగ్రాములను కంటైనర్లుగా నడిపే సర్వర్ల గుంపులు) నడిపేవారు, సీఎస్ఐ డ్రైవర్లను (క్లస్టర్‌కు డిస్కులను అందించే ప్రోగ్రాములను) అమర్చే స్క్రిప్టును సెప్టెంబరులోనే, అదీ ఇంటర్నెట్ కేబుల్ తీసేసి, ఒక ఖాళీ నోడ్ (క్లస్టర్‌లోని ఒక సర్వర్) మీద నడిపి చూసుకోవాలి.

కేబుల్ తీయమనడానికి కారణం ఉంది. డ్రైవర్‌లోని నోడ్ భాగం డెమన్‌సెట్‌గా, అంటే నోడ్‌కు ఒకటి చొప్పున, ప్రతి నోడ్ మీదా నడుస్తుంది. తుఫాను తర్వాత కొత్తగా కట్టిన నోడ్‌కు, ఇంటర్నెట్ లేక, దాని ఇమేజ్ (ప్రోగ్రాము ప్యాకేజీ) దొరకకపోతే డ్రైవర్ క్యూబ్‌లెట్ (నోడ్‌ను చూసుకునే కుబెర్నెటీస్ ఏజెంట్) దగ్గర నమోదు కాదు. డిస్కులు భేషుగ్గా ఉన్నా వాల్యూమ్ (ప్రోగ్రాముకు కేటాయించిన డిస్కు స్థలం) మౌంట్ కాదు. అందుచేత డ్రైవర్ ఇమేజ్‌తో పాటు ప్రొవిజనర్, అటాచర్, రిజిస్ట్రార్ వంటి సైడ్‌కార్ల (డ్రైవర్ పక్కనే నడిచే సహాయక కంటైనర్ల) ఇమేజ్‌లను కూడా కచ్చితమైన వెర్షన్ నంబర్లతో స్థానిక రిజిస్ట్రీలో (ఇమేజ్‌లు దాచే సర్వర్‌లో) ఉంచుకోవాలి. ఆ రిజిస్ట్రీ మాత్రం ఇదే డ్రైవర్ ఇచ్చే వాల్యూమ్ మీద ఆధారపడకూడదు.

నోడ్‌ను సిద్ధం చేసే పనిని కూడా స్క్రిప్టులోనే చేర్చాలి. ఒకసారి నేను ఒకే వర్చువల్ మెషీన్‌ను మూడుసార్లు క్లోన్ చేసి నోడ్లుగా కలిపాను. మూడింటికీ ఐస్కజీ (iSCSI, నెట్‌వర్క్ మీదుగా డిస్కులను వాడుకునే పద్ధతి) ఇనీషియేటర్ పేరు, అంటే డిస్కు సర్వర్ ఆ నోడ్‌ను గుర్తించే పేరు, ఒకటే కావడంతో, ఒక నోడ్ లాగిన్ కాగానే మరొకదాని సెషన్ తెగిపోతూ వచ్చింది. కారణం పట్టుకునేసరికి తెల్లవారింది. అప్పటినుంచి నా స్క్రిప్టులో మొదటి పని ఆ పేరు ప్రతి నోడ్‌కూ వేరుగా ఉందో లేదో చూడడమే.

స్టోరేజ్ క్లాస్‌లో (వాల్యూమ్‌లు ఎలా తయారవ్వాలో చెప్పే సెట్టింగుల్లో) ఏమీ రాయకపోతే రిక్లెయిమ్ పాలసీ డిలీట్‌గా ఉంటుంది, అంటే వాల్యూమ్ కోరిన అభ్యర్థనను తొలగిస్తే డేటా కూడా పోతుంది. దానిని రిటైన్‌గా పెట్టండి. ఇప్పటికే ఉన్న వాల్యూమ్‌లకు ఆ మార్పు వర్తించదు కాబట్టి వాటిని విడిగా మార్చాలి. హెల్మ్ (కుబెర్నెటీస్ మీద ప్రోగ్రాములను అమర్చే సాధనం) వాడేవారు ఇంకొక సంగతి గమనించాలి: చార్ట్‌లోని (హెల్మ్ ప్యాకేజీలోని) సీఆర్‌డీల (కుబెర్నెటీస్‌కు కొత్త రకాల వస్తువులను పరిచయం చేసే నిర్వచనాల) ఫోల్డర్‌ను అది మొదటిసారి మాత్రమే అమర్చుతుంది, అప్‌గ్రేడ్‌లో ముట్టుకోదు.

అన్నింటికన్నా ప్రమాదకరమైనది ఆగిపోయిన నోడ్ నుంచి వాల్యూమ్‌ను విడిపించడం. కరెంటు పోయి నోడ్ పడిపోతే స్టేట్‌ఫుల్‌సెట్ పాడ్ (సొంత డేటా ఉంచుకునే ప్రోగ్రాము నడిచే కంటైనర్ల జట్టు) అక్కడే చిక్కుకుపోతుంది. కుబెర్నెటీస్ 1.28లో స్థిరపడిన ‘అవుట్ ఆఫ్ సర్వీస్’ టెయింట్ (నోడ్ మీద పెట్టే గుర్తు) దానిని వదిలిస్తుంది. అయితే నోడ్ నిజంగా ఆగిందా, లేక నెట్‌వర్క్ మాత్రమే తెగి అది ఇంకా డిస్కు మీద రాస్తోందా అన్నది స్క్రిప్టుకు తెలియదు. రెండు నోడ్లు ఒకే ఫైల్ సిస్టమ్ మీద రాస్తే మిల్లు ఖాతాలన్నీ చెడిపోతాయి. ఈ ఒక్క పనినీ దయచేసి ఆటోమేట్ చేయకండి. ఒక మనిషి సర్వర్ దగ్గరకు వెళ్లి, పవర్ కేబుల్ ఊడదీసి, ఫోనులో ఆ మాట చెప్పిన తర్వాతే టెయింట్ పెట్టాలి. నోడ్ తిరిగి లేచి, పాడ్‌లు మరో నోడ్‌కు చేరాయని చూసుకున్నాక ఆ టెయింట్‌ను చేత్తోనే తొలగించాలి.