ఫెల్ పరుగుకు తొలిసారి వెళ్లే రోడ్డు రన్నర్లకు జాగ్రత్తలు

ఉత్తర ఇంగ్లండ్‌లో చెట్లు లేని ఎత్తైన కొండను ఫెల్ అంటారు, అలాంటి కొండల మీద పరిగెత్తడమే ఫెల్ పరుగు. గత అక్టోబరులో మాంచెస్టర్‌లోని మా పరుగు బృందం నుంచి నలుగురం ఈడేల్ అనే ఊరి మీదుగా కిండర్ స్కౌట్ ఎక్కాం. 636 మీటర్ల కొండ. మాలో ఒకాయన రోడ్డు మీద హాఫ్ మారథాన్‌ను గంటా నలభై నిమిషాలలోపు పూర్తి చేసే మనిషి. జేకబ్స్ లాడర్ అనే నిటారు రాతిదారి ఎక్కేసరికి అందరికీ చెమటలు పట్టాయి. పైన అంచుకు చేరగానే పడమటి గాలి, దానితో పాటే సన్నని వాన మొదలయ్యాయి. ఆయన జాకెట్ సంచిలోనే ఉంది. "పరిగెత్తుతున్నంతసేపూ వేడిగానే ఉంటుంది, తరువాత వేసుకుంటాను" అన్నారు. కాసేపటికి పీట్ (కొండ మీది మెత్తని తడి బురద నేల) గుంటలో కాలు దిగబడి చీలమండ బెణికింది. పరుగు కుంటి నడకగా మారిన పది నిమిషాలకే ఆయన వేళ్లు సంచి జిప్పును పట్టుకోలేకపోయాయి. జాకెట్ మేమే తొడిగాం. మాట ముద్దగా వస్తున్నా, తనకేమీ కాలేదనే చెబుతూ వచ్చారు. ఆయన క్షేమంగా ఇల్లు చేరారు గానీ, ఆ రోజు ఒంటరిగా వెళ్లి ఉంటే ఏమయ్యేదో అన్న తలపు నన్ను ఇప్పటికీ వదలలేదు.

మంచి బూట్లు కొనుక్కోవాలి, తిండి, నీళ్లు వెంట ఉండాలి అన్నవి మీకు తెలిసినవే కనుక వాటి జోలికి వెళ్లను. రోడ్డు మీద ఏళ్ల తరబడి పరిగెత్తినవారు కూడా గమనించని సంగతి ఒకటుంది. అక్కడ మన ఒంటిని వెచ్చగా ఉంచేది బట్టలు కాదు, మన వేగం. రోడ్డు మీద కాలు మడత పడితే పక్కనే బస్సు స్టాపు ఉంటుంది, లేదా టాక్సీ వస్తుంది. కొండ మీద వేగం పోయిన మరుక్షణం నుంచి, చెమటతో తడిసిన బనియనుకు గాలి తగిలి ఒంటి వేడిని లాగేస్తుంది. శరీరం ముందుగా చేతులకు రక్తాన్ని తగ్గిస్తుంది, ఆ తరువాత ఆలోచన మందగిస్తుంది. అంటే జాకెట్ కావాలని మీకు తోచే సమయానికి దాన్ని తొడుక్కునే శక్తి మీ వేళ్లలో మిగలకపోవచ్చు. చలి వేయకముందే జాకెట్ తొడుక్కోవాలి.

ఇది నడిశీతాకాలపు సంగతి అనుకోవద్దు. ఇంగ్లండ్ లేక్ డిస్ట్రిక్ట్‌లోని బటర్‌మియర్ సెయిల్‌బెక్ పోటీలో ఒక రన్నర్ హైపోథెర్మియాతో (ఒంటి వేడి ప్రమాదకరంగా పడిపోవడంతో) మరణించినది 2012 ఏప్రిల్‌లో. చైనాలోని గన్సు రాష్ట్రంలో వంద కిలోమీటర్ల కొండ పోటీలో గాలివానకు చిక్కి 21 మంది చనిపోయినది 2021 మే నెలలో. ఎత్తు పెరిగేకొద్దీ ప్రతి 100 మీటర్లకు సుమారు 0.65 డిగ్రీల వేడి తగ్గుతుంది. కార్ పార్కులో ఎండ కాస్తున్నదని సంచిని కారులో వదిలి వెళ్లడం, సంచిలో ఉన్న జాకెట్‌ను బయటకు తీయకపోవడం నా దృష్టిలో ఒకే తప్పు.

పోటీ ఎంచుకునేటప్పుడు దూరం ఒక్కటే చూడవద్దు. ఇంగ్లండ్ ఫెల్ పోటీలలో 'ఎ' తరగతి అంటే కిలోమీటరుకు కనీసం 50 మీటర్ల ఎక్కుడు, 'సి' తరగతి అంటే కనీసం 20 మీటర్లు. మొదటి పోటీ 'సి' తరగతిలో, పది కిలోమీటర్లలోపు ఉండేలా చూసుకోండి. కిలోమీటరుకు ఇన్ని నిమిషాలన్న రోడ్డు లెక్కను ఇంట్లోనే వదిలేయండి. నిటారు ఎక్కుడులో చేతులు మోకాళ్ల మీద ఆనించి నడవడం ఇక్కడ అనుభవజ్ఞులు కూడా చేసే పనే. దిగేటప్పుడు అడుగులు పొట్టిగా, త్వరత్వరగా వేయాలి, చూపు నాలుగడుగుల ముందుండాలి. వెనక్కి వాలి మడమలతో బ్రేకు వేస్తే తడి గడ్డి మీద జారిపడతారు.

దారి విషయంలో జీపీఎస్ వాచీని నమ్ముకోవద్దు. అది మీరు వెళ్లవలసిన గీతను చూపుతుంది గానీ, ఆ గీతకు పది గజాల అవతల కొండచరియ ఉందని చాలా వాచీలు చెప్పవు. ఫోను తెర తడిచేతికి పలకదు. 1:25,000 కొలత పటం, దిక్సూచి వెంట ఉండాలి. వాటిని పొగమంచు కమ్మిన రోజున మొదటిసారి తెరవకూడదు, ఆకాశం తేటగా ఉన్న రోజునే నేర్చుకోవాలి.

తుంపరను ఆపే పలుచని జాకెట్ చాలదు, కుట్లకు టేపు వేసిన, టోపీ ఉన్న వాన జాకెట్ కావాలి.

వాన ప్యాంటు, ఉన్ని టోపీ, చేతితొడుగులు తీసుకెళ్లండి.

జాకెట్‌ను సంచి అడుగున కుక్కవద్దు, అన్నిటికన్నా పైన ఉంచండి.

డిసెంబరులో ఇక్కడ సూర్యుడు నాలుగు గంటలలోపే అస్తమిస్తాడు. హెడ్‌టార్చి లేకుండా మధ్యాహ్నం బయలుదేరవద్దు.

ఏ దారిన వెళ్తున్నారో, ఎప్పటికి దిగుతారో ఇంట్లో రాసిపెట్టి వెళ్లండి.

పోటీ మధ్యలో మానుకుంటే ముగింపు దగ్గరికి వెళ్లి నిర్వాహకులకు చెప్పండి. చెప్పకుండా ఇంటికి పోతే మీ కోసం రాత్రంతా కొండ మీద వెతుకుతారు. వెతికేది స్వచ్ఛంద కార్యకర్తలు.

ఆపదలో నిమిషంలో ఆరుసార్లు ఈల వేయండి, ఒక నిమిషం ఆగండి, మళ్లీ వేయండి. బ్రిటన్ అత్యవసర నంబరు 999కు ఫోను చేస్తే ముందు పోలీసులను, తరువాత మౌంటెన్ రెస్క్యూను (కొండల మీద రక్షణ బృందాన్ని) అడగండి.

ఎక్కడం ఆగి చదును మొదలయ్యే చోట, గాలి మొదట తగిలే చోట, వాన పడినా పడకపోయినా జాకెట్ తొడుక్కోండి. చెమట పడుతోందని వాయిదా వేయవద్దు.

తోటివారిని "చలిగా ఉందా?" అని అడగవద్దు, లేదనే అంటారు. వారి జిప్పును వారినే వేసుకోమనండి. వేసుకోలేకపోతే మీరే తొడిగి, శిఖరం ఎంత దగ్గరగా ఉన్నా సరే, గాలి తగలని వైపు నుంచి వెంటనే కిందికి దింపండి.