గ్రూపులో పద్యం పెడితే పిల్లలు మాట్లాడటం లేదా? సమస్యలు, పరిష్కారాలు

హైస్కూల్లో తెలుగు చెప్పేవాళ్ళలో చాలామందిమి కరోనా రోజుల్లో వాట్సాప్ గ్రూపులు పెట్టాం. బడులు తెరిచాక అవి హోంవర్కు పెట్టడానికి, సెలవు సంగతి చెప్పడానికి మిగిలాయి. నేను మాత్రం పాత కావ్యాల గురించి పిల్లల చేత మాట్లాడించడానికి వాటిని వాడుతూ వస్తున్నాను. పీరియడ్‌లో పద్యం చదివి, అర్థం చెప్పి, ప్రశ్నలు రాయించేసరికి గంట కొడతారు. పిల్లవాడికి ఆ పద్యం విన్నాక ఏమనిపించిందో అడిగే తీరిక ఉండదు. ఆ తీరిక సాయంత్రం దొరుకుతుంది. కానీ మొదట్లో నాకు ఏదీ సరిగ్గా నడవలేదు. ఎక్కడెక్కడ ఆగిపోయిందో, ఏం చేస్తే కదిలిందో ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణలు ఎక్కువగా పోతన భాగవతంలోని బలి, వామనుల ఘట్టం నుంచే తీసుకుంటాను. తెలంగాణ పదో తరగతిలో ‘దానశీలము’ పాఠంగా వచ్చింది కాబట్టి చాలామందికి తెలిసిన కథే.

సమస్య: అందరి దగ్గర నుంచీ ఒకే జవాబు వస్తోంది

"బలి చక్రవర్తి దానగుణాన్ని వివరించండి" అని గ్రూపులో పెట్టాను. గంటలో జవాబులు వరుస కట్టాయి. అన్నీ గైడులోవే, కామాలతో సహా. ఈమధ్య గైడు బదులు చాట్‌జీపీటీ వచ్చింది. తేడా ఏమిటంటే వాక్యాలు ఇంకొంచెం నున్నగా ఉంటున్నాయి.

కారణం పిల్లల బద్ధకమనే చాలా రోజులు అనుకున్నాను. తప్పు నా ప్రశ్నదే. పద్యం తెరవకుండా జవాబు రాయగలిగే ప్రశ్న వేస్తే, తెరవకుండానే రాస్తారు. పైగా దానికి ఒక్కటే జవాబుంది. అందరూ ఒప్పుకునేదాని గురించి మాట్లాడుకోవడానికి ఏముంటుంది?

పరిష్కారం: నిజంగా రెండు పక్షాలున్న చోటు వెతకండి. వచ్చినవాడు విష్ణువని, మూడడుగుల నేల పేరుతో సర్వం తీసుకుపోతాడని శుక్రాచార్యుడు బలికి ముందే చెబుతాడు. ప్రాణం, ధనం, మానం పోయే చోట బొంకితే పాపం లేదని కూడా అంటాడు. బలి వినడు. ‘తిరుగన్నేరదు నాదు జిహ్వ’ అంటాడు, అన్న మాట వెనక్కి తీసుకోలేనని. ఇప్పుడు ఇలా అడిగి చూడండి: "శుక్రుడు బలి మేలు కోరాడా, తన మాట నెగ్గాలని కోరాడా? పద్యంలో ఒక్క మాట చూపించి చెప్పండి." ఆ "ఒక్క మాట చూపించి" అన్నది వదలకండి. దాని కోసమైనా పుస్తకం తెరుస్తారు.

నేను ఈ ప్రశ్న పెట్టిన రోజు ఒక అమ్మాయి వాయిస్ మెసేజ్ పంపింది. "సార్, మా తాతయ్య స్నేహితుడికి షూరిటీ సంతకం పెట్టి పొలం పోగొట్టుకున్నాడు. మా నానమ్మ శుక్రాచార్యుడిలాగే చెప్పిందంట." ఆ తరవాత రెండు రోజులు గ్రూపులో బలిని మెచ్చుకునేవాళ్ళు, నానమ్మ పక్షం వహించేవాళ్ళు ఎవరి వాదన వాళ్ళు వినిపించారు. ఆ వాదనలకు గైడు పనికిరాలేదు.

గూగుల్ క్లాస్‌రూమ్ వాడేవాళ్ళకు ఇంకో వెసులుబాటు ఉంది. అందులో ప్రశ్న పెట్టేటప్పుడు విద్యార్థులు ఒకరికొకరు జవాబిచ్చుకునే సెట్టింగ్ ఆన్ చేస్తే, తన జవాబు పంపాకే తోటివాళ్ళవి కనిపిస్తాయి. ముందు పంపినవాడిది చూసి దింపుకోవడం తగ్గుతుంది.

సమస్య: "భాష అర్థం కావట్లేదు సార్"

ఇది నిజమైన కష్టం, కొట్టిపారేయకండి. ఇంగ్లీషు మీడియం పిల్లలకు శార్దూల పద్యమంటే గోడలా కనిపిస్తుంది. మనం సాధారణంగా చేసే తప్పు, పద్యం ఫొటో తీసి పెట్టి "చదివి అభిప్రాయం చెప్పండి" అనడం. సంధులు విడదీయని నాలుగు పాదాలు ఫోను తెర మీద చూస్తే పెద్దవాళ్ళకే కళ్ళు తిరుగుతాయి.

ముందు పద్యం వినిపించండి. మీ గొంతుతోనే ఒకసారి రాగం తీసి, ఒకసారి పదాలు విడదీసి మామూలుగా చదివి, రెండు ఆడియోలు పెట్టండి. గొంతు బాగుండాలన్న టెన్షన్ వద్దు. తమ సారు గొంతయితే పిల్లలు తప్పకుండా వింటారు. ప్రతిపదార్థం కావాలంటే ‘తెలుగు భాగవతం’ వెబ్‌సైటులో పద్యం పద్యానికీ ఉంది. పదాల కోసం ‘ఆంధ్రభారతి’ నిఘంటువు ఉంది. లింకు పెట్టి ఊరుకోకుండా, ఒక పదం ఎలా వెతకాలో క్లాసులో ఒకసారి చేసి చూపించండి.

తరవాత ఆ పద్యంలో పిల్లలు ఇవాళ్టికీ వాడే మాట ఒకటి పట్టుకోండి. ‘ఆదిన్ శ్రీసతి కొప్పుపై’ పద్యంలో బలి ‘రాజ్యముగీజ్యమున్ సతతమే?’ అంటాడు. రాజ్యం గీజ్యం శాశ్వతమా అని. మనం పుస్తకం గిస్తకం, పని గిని అన్నట్టే పోతన ఒక చక్రవర్తి నోట పలికించాడు. ఆ ఒక్క మాట పెట్టి, "ఇలాంటివి మీ ఇంట్లో ఎవరెవరు ఏమంటారో రాయండి" అన్నాను. అంతవరకు ఒక్క మెసేజూ పెట్టని పిల్లలు కూడా రాశారు. ‘మార్కులు గీర్కులు’ అని ఒకడు రాశాడు. బలికి అప్పుడు రాజ్యమంటే ఎంత తేలికైపోయిందో ఆ తరవాత నేను విడిగా చెప్పాల్సిన పని లేకపోయింది.

సమస్య: నలుగురే మాట్లాడతారు, మిగతావాళ్ళు చూస్తూ ఉంటారు

దీనికి కారణాలు ఒకటి కాదు, మూడు నాలుగు కలిసి ఉంటాయి. తెలుగు టైపింగ్ రాదు. అక్షరదోషం పడితే సారు అందరి ముందూ దిద్దుతారని భయం. క్లాసులో ఫస్టు వచ్చే పిల్ల ఇరవై లైన్ల జవాబు మొదటే పెట్టేస్తుంది, ఇక మనమేం రాస్తామని మిగతావాళ్ళు ఆగిపోతారు. అన్నిటికంటే పెద్ద కారణం, మనం ప్రతి మెసేజ్ కింద "వెరీ గుడ్" అనో, "ఇది సరికాదు" అనో తీర్పు చెప్పడం.

మొదట ఒక పోల్ పెట్టండి. శుక్రుడి పక్షమా, బలి పక్షమా? వేలితో నొక్కడానికి ఎవరూ జంకరు. నొక్కాక "ఎందుకు?" అంటే ఒక్క వాక్యం రాస్తారు. ఫోను కీబోర్డు జిబోర్డులో మైకు నొక్కి మాట్లాడితే తెలుగులో టైపవుతుందని చూపించండి, లేదా వాయిస్ మెసేజే పంపనివ్వండి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసినా మొదటి నెల ఏమీ అనకండి. దోషాలు దిద్దే పని నోటుపుస్తకంలో చేసుకుందాం. బాగా చదివే పిల్లలకు వేరే పని అప్పగించండి. వాళ్ళు మూడో రోజు వచ్చి, అప్పటిదాకా వచ్చిన వాదనల్లో దేన్ని ఎందుకు ఒప్పుకుంటారో చెప్పాలి. మీరు మొదటి రోజు పూర్తిగా మౌనంగా ఉండండి. నాకు ఇదే అన్నిటికన్నా కష్టమైంది.

సమస్య: ఇంట్లో ఫోను ఉండదు

"ఫోను నాన్న దగ్గరుంటది సార్, తొమ్మిదింటికి వస్తడు." ఈ మాట విన్నాక కూడా రాత్రి ఎనిమిదికి గడువు పెట్టడం అన్యాయం. ప్రశ్నకు మూడు రోజులు గడువివ్వండి. ప్రశ్నను బోర్డు మీద కూడా రాయండి. ఫోను లేని పిల్లలు చీటీ మీద రాసిస్తే దాని ఫొటో మీరే గ్రూపులో పెట్టి, జవాబులు వచ్చాక మర్నాడు క్లాసులో వాళ్ళకు చదివి వినిపించండి. ఇది మీకు రోజుకు ఓ పది నిమిషాల పని. చీటీ మీద వచ్చిన వాదనకు గ్రూపులో ఎవరో ఎదురు చెప్పారని విన్నప్పుడు ఆ పిల్లవాడి ముఖం చూడాలి!

ఆడపిల్లల తల్లిదండ్రులు అభ్యంతరపెడితే వినండి. వాట్సాప్ గ్రూపులో అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి. వాళ్ళ భయానికి అర్థముంది. అలాంటి చోట గ్రూపు మానేసి గూగుల్ క్లాస్‌రూమ్ వాడండి. అదీ కుదరకపోతే అందరూ మీకొక్కరికే పంపితే, మీరు పేర్లు తీసేసి పెట్టండి. తల్లిదండ్రుల ఒప్పుకోలు కాగితం మీద తీసుకోవడం, హెడ్మాస్టర్‌కు చెప్పి మొదలుపెట్టడం మర్చిపోవద్దు.

సమస్య: వాదన గొడవగా మారింది

ఒకబ్బాయి "దేవుడే మోసం చేశాడు" అని రాశాడు. ఇంకొకడు "దేవుణ్ణి అలా అంటావా" అని తిట్టాడు. పది నిమిషాల్లో కులాల దాకా వెళ్ళబోయింది. నేను భయపడి గ్రూపును అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టేలా మార్చాను. ఆ రాత్రికి అది సరైన పనే. కానీ అక్కడితో వదిలేస్తే, ఆ అబ్బాయి ఇంకెప్పుడూ నోరు విప్పడు.

నిజానికి వాడి ప్రశ్న పోతన కథలోనే ఉంది. బలిని పాశాలతో కట్టేసినప్పుడు అతని భార్య వింధ్యావళి వచ్చి, కాదనలేదు, లేదనలేదు, మూడు లోకాలూ ఇచ్చాడు, నా భర్తను కట్టడమెందుకని విష్ణువునే అడుగుతుంది. ‘కాదనఁడు పొమ్ము లేదీ రాదనఁడు’ అని మొదలయ్యే చిన్న కంద పద్యం. మర్నాడు క్లాసులో అది చదివాను. తిట్టినవాడే "సార్, ఆమె అడిగింది కరెక్టే కదా" అన్నాడు. అదే ఘట్టంలో ప్రహ్లాదుడు మనవడి పదవి పోవడాన్ని మేలుగానే చూస్తాడు. రెండు గొంతులూ పక్కపక్కన పెట్టి, "ఈ ఇద్దరిలో ఎవరితో మాట్లాడాలని ఉంది? ఏమడుగుతారు?" అని సాయంత్రం గ్రూపు మళ్ళీ తెరిచాను. గొడవ పాత్రల మధ్యకు వెళ్ళింది.

ఇలాంటివి ముందే ఊహించగలిగితే మేలు. గురజాడ ‘దిద్దుబాటు’ తీసుకుంటే సానిదాని పాట వినడానికి వెళ్ళిన భర్త సంగతి వస్తుంది, వెకిలి నవ్వులు వస్తాయి. అందుకే 1910 నాటి ఆ కథను ముందు క్లాసులో ఎదురెదురుగా మాట్లాడుకుని, అతన్ని దారికి తేవడానికి భార్య కమలిని చేసిన పని సరైనదేనా అన్న ఒక్క ప్రశ్ననే గ్రూపుకు తీసుకెళ్ళండి.

సమస్య: రెండు వారాలకు చప్పబడిపోయింది

చప్పబడనివ్వండి. ఒక ఘట్టానికి పది, పన్నెండు రోజులు చాలు. తరవాత ఓ నెల గ్రూపు మూసి ఉంచండి. గుడ్ మార్నింగ్ బొమ్మలు, స్టిక్కర్లు కూడా ఖాళీ రోజుల్లోనే చేరతాయి. మార్కులు పెడితే హుషారొస్తుందని మాత్రం అనుకోకండి, మళ్ళీ గైడు జవాబులొస్తాయి. మూసేముందు పిల్లలు రాసిన వాక్యాల్లో మంచివి ఏరి, చార్టు మీద రాయించి, తరగతి గోడకు అంటించండి. పదో తరగతి వాళ్ళతో సంక్రాంతి తరవాత కొత్త ఘట్టం మొదలుపెట్టొద్దు, పబ్లిక్ పరీక్షల హడావుడిలో ఉంటారు. ఆ నెలల్లో తొమ్మిదో తరగతి వాళ్ళతో శ్రీనాథుడి ‘భిక్ష’ మొదలుపెట్టుకోవచ్చు. ఆకలితో ఉన్న వ్యాసుడికి కాశీ మీద వచ్చిన కోపం న్యాయమేనా అని అడిగితే, మధ్యాహ్న భోజనం ఆలస్యమైన రోజు గుర్తొచ్చి చాలామందే జవాబు రాస్తారు.